ప్రసారాన్ని మోసే క్షణం

గున్నేశ్వరరావు పోయిన ఆరో రోజు మధ్యాహ్నం, పరామర్శకు వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళిపోయాక, హైమవతి తమ్ముణ్ణి పిలిచి ఎదురుగా కుర్చీ చూపించింది.

"ఒరే పేర్రాజూ, ఒక్కటడుగుతాను, దాచకుండా చెప్పు. మీ బావకి నామీద కోపమా?"

"బావకా? నీమీదా? ఎందుకక్కా?"

"మరి నాలుగేళ్ళపాటు నాతో ఎందుకు మాట్లాడలేదు?"

పేర్రాజుకు ప్రశ్నే అర్థం కాలేదు. కాకినాడలో ఆ ఇంట్లో, సరిగ్గా ఆ హాల్లో, గున్నేశ్వరరావు నోరు మూసుకుని కూర్చున్న సాయంత్రం ఒక్కటి కూడా అతనికి గుర్తులేదు. మునిసిపాలిటీ టౌన్ ప్లానింగులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన ఆ మనిషికి, ఎదురుగా టీవీ ఉంటే చాలు, మాటలు కరువుండేవి కావు. టీవీ ఆపితే మాత్రం ముభావే.

"నాకు జబ్బు చేసి మతి పోయింది కదా, మతిలేనిదానితో మాటలెందుకనుకున్నారేమో," అంది హైమవతి. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. లెక్క తేల్చుకుంటున్నట్టుగానే అంది. "పోనీ, ఆ మౌనమేదో చివరిదాకా ఉందా అంటే అదీ లేదు. పోయేముందు పది రోజులు ఎన్ని కబుర్లు చెప్పారో! ఆయనకి తెలిసిపోయిందిరా. పోయేవాళ్ళకి ముందే తెలుస్తుందంటారు, నిజమే."

ఇటువంటి మాట ఇంకెవరన్నా పేర్రాజు ఊరుకునేవాడు కాదు. జాతకాల మీద, శకునాల మీద, మరణ సూచనల మీద నలభై ఏళ్ళుగా వాదిస్తూ సగం బంధువర్గాన్ని దూరం చేసుకున్న మనిషి అతను. అక్క ముఖం చూసి మాట మింగాడు.

"మధ్యలో అసలు ఎప్పుడూ మాట్లాడలేదా?"

"లేకేం. కరెంటు పోయినప్పుడు నాలుగు మాటలనేవారు. వచ్చీరాగానే మళ్ళీ నోరు మూసేసేవారు. చీకట్లో నేను బెదురుతానని కాబోలు."

పేర్రాజు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

నాలుగున్నరేళ్ళ క్రితం హైమవతికి మెదడువాపు వచ్చింది. ప్రాణం దక్కింది గాని, కొత్త సంగతి ఏదీ మనసులో నిలవకుండా పోయింది. పెళ్ళి, పెళ్ళికి ముందు నేర్చుకున్న సంగీతం, అరవై రెండేళ్ళ దాకా గడిచిన బతుకు అంతా చెక్కుచెదరకుండా ఉంది. కానీ అన్నం తిని చెయ్యి కడుక్కున్న పావుగంటకు "వడ్డించనా?" అని అడిగేది. నాడీ పరికరాలు తయారుచేయడమే వృత్తిగా పెట్టుకున్న పేర్రాజు, అంతవరకు జంతువుల మీదే ప్రయోగించిన తన యంత్రాన్ని అక్క కోసం పూర్తి చేశాడు. దానికి 'ధారణ' అని పేరు పెట్టాడు. కళ్ళద్దాల మధ్య ఆవగింజంత కటకం, చెవి వెనక ఎముకలో చిక్కుడుగింజంత పెట్టె. చూసినదీ విన్నదీ ఆ పెట్టె దాచుకుంటుంది. మనసు ఒక సంగతి కోసం తడుముకోగానే ఆ దృశ్యాన్నీ ధ్వనినీ వెనక్కి అందిస్తుంది. హైమవతికి అది యంత్రం అందించినట్టు ఉండదు, జ్ఞాపకం వచ్చినట్టే ఉంటుంది. ఇప్పుడు ఆ పెట్టెను మూడువందల పద్నాలుగు మంది మోస్తున్నారు.

"అక్కా, మీరు రోజూ చూసే ఆ సీరియల్... గవ్వల మేడ. అందులో కథేమిటి?"

"ఇప్పుడా సొద ఎందుకురా?"

"చెప్పు."

"ఏముందీ, పెద్దకోడలు దస్తావేజులు తీసి బియ్యం డబ్బాలో దాచింది. అత్తగారు పసిగట్టింది."

"దానికి ముందు?"

హైమవతి ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "ఏమోరా. నాకెప్పుడూ అది మధ్యలోంచి చూస్తున్నట్టే ఉంటుంది."

నాలుగేళ్ళు ఒక్క రోజు తప్పకుండా చూసిన కథ, పది రోజుల అవతల శూన్యం. పేర్రాజుకు అప్పుడు ఇంకొకటి తట్టింది. అతను ఈ ఇంటికి వారానికి రెండుసార్లన్నా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అక్క వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, ఒకే మాట అనేది: "మీ బావ ఈమధ్య కాస్త నోరు విప్పుతున్నార్రా." మొగుడి మీద పెళ్ళాం వేసే ఎత్తిపొడుపు కాబోలనుకుని నవ్వేవాడు. నాలుగేళ్ళ కిందటా 'ఈమధ్యే'. రెండేళ్ళ కిందటా 'ఈమధ్యే'. కిందటి నెలా 'ఈమధ్యే'. కొలతల్లో వెంట్రుకవాసి తేడా వస్తే నిద్రపోని మనిషి, చెవిలో పడిన ఆ మాటను ఒక్కసారి కూడా కొలత కింద తీసుకోలేదు.

ఆ సాయంత్రమే అక్కను ప్రయోగశాలకు తీసుకెళ్ళాడు. అతని దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్న సలోమి, హైమవతి చెవి వెనక, పెట్టెలో ఉన్నదాన్ని చదివే కడ్డీ ఆనించి, తెర మీద వరసలు చూస్తూ కూర్చుంది. గోడ గడియారంలో ఏడున్నర అయింది. తెర మీద ఒక గీత తెల్లబడింది. ముప్ఫై నిమిషాల పొడవున్న గీత.

"పెట్టె చెడిందా?" అన్నాడు పేర్రాజు.

"లేదు సార్. పనిచేస్తోందండి," అంది సలోమి. "ఇప్పుడు చెరిగింది పదిహేను రోజుల కిందటి ఏడున్నర. అంతకుముందువి కూడా అన్నీ ఇలాగేనండి. టీవీలో రిజిస్టరైన కార్యక్రమం వస్తున్నంతసేపూ ఏం రికార్డయినా, పదిహేనో రోజు అదే టైముకి చెరిపేస్తోంది. అది మన చిప్ కాదు సార్. చట్టం పెట్టించిన చిప్."

పేర్రాజు ఆ చట్టాన్ని చదివాడు. చదవడమే కాదు, దాని కింద సంతకం కూడా పెట్టాడు. మెదడులో అమర్చే వైద్య పరికరానికి అనుమతి రావాలంటే తొమ్మిదేళ్ళు పడుతుందన్నారు. అక్కకు తొమ్మిదేళ్ళు ఎక్కడివి? చూసినదాన్నీ విన్నదాన్నీ నిలవచేసే సాధనం కనుక, దాన్ని 'గృహ రికార్డింగు పరికరం'గా దాఖలు చేస్తే ఆరు నెలల్లో పని అవుతుందని ఒక ప్లీడరు సలహా చెప్పాడు. అబద్ధం లేదు కదా అని పేర్రాజు సరేనన్నాడు. గృహ రికార్డింగు పరికరానికి కాపీరైటు నియమాలున్నాయి. టీవీ కార్యక్రమాన్ని సొంతానికి రికార్డు చేసుకోవచ్చు, పదిహేను రోజుల్లోగా చూసుకోవాలి, ఆ పైన 'ప్రసారాన్ని మోసే ప్రతి క్షణాన్నీ' పరికరం తనంతట తానే చెరిపివేయాలి. కళ్ళద్దాలతో సినిమా దొంగిలించేవాణ్ణి పట్టడానికి అనుకున్నాడు పేర్రాజు. ప్రసారాన్ని మోసే క్షణమంటే తెర కనిపించే క్షణమనుకున్నాడు. పక్కగదిలో టీవీ వినిపిస్తుండగా ఒక మనిషి అన్న మాట కూడా అందులోకి వస్తుందని అతనికి తోచలేదు. చట్టం రాసినవాళ్ళకు తోచిందో లేదో తెలియదు. తోచినా అడ్డు కాలేదు.

"మిగతావాళ్ళ సంగతి?" అన్నాడు.

సలోమి మర్నాడంతా ఫోన్లు చేసింది. సాయంత్రానికి ఆమె గొంతు బొంగురుపోయింది.

"అమలాపురంలో ఒకాయన ఉన్నారండి. మనవరాలికి మూడేళ్ళు, గలగలా మాట్లాడుతుందట. ఆయన మాత్రం 'పాపకిప్పుడే మాటలొచ్చాయి, ఇంత ఆలస్యమేమిటి, ఎవరికైనా చూపించండి' అని నెలనెలా అంటున్నారట. ఆ ఇంట్లో టీవీ పొద్దున్న పెడితే పడుకునేదాకా ఆపరట సార్. తునిలో టీ కొట్టాయన ఉన్నాడు. కొట్లో టీవీ ఉందండి. కొట్టు పెట్టి రెండేళ్ళయినా, రెండు వారాల కిందటే పెట్టానంటాడట. జబ్బు ముదిరిందని డాక్టరు మందు పెంచాడట."

"మందు పెంచాడా?"

"రెండింతలు చేశాడండి."

పేర్రాజు బల్ల మీదున్న నియమాల పుస్తకాన్ని తిరగేసి బోర్లా పెట్టాడు. కోపంలో వస్తువులు విసిరే అలవాటు అతనికి లేదు. బోర్లా పెట్టడమే అతని పరాకాష్ఠ.

"చిప్ పీకేద్దామా?"

"దానికి సీలుందండి. కదిపితే పెట్టె మొత్తం మూగబోతుంది. అమ్మగారికి నాలుగేళ్ళూ ఒకేసారి పోతాయి."

హైదరాబాదులో ప్రసార హక్కుల మండలి కార్యాలయం అద్దాల భవనంలో, ఆరో అంతస్తులో ఉంది. రిజిస్ట్రారు విజయసారథి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. కాఫీ తెప్పించాడు. గున్నేశ్వరరావు మరణానికి సంతాపం తెలిపాడు. అంత మర్యాద చూసి పేర్రాజుకు మొదటిసారి భయం వేసింది.

"నిన్న నేను రాసి పంపింది చదివారా?"

"పూర్తిగ చదివిన సర్. చాల బాధనిపించింది. కని చట్టం అట్లనే ఉన్నది."

"మా అక్క సీరియల్ దొంగిలించలేదండి. ఆవిడకు మొగుడి మాటలు కావాలి. మీ సీరియల్ మీరు చెరుపుకోండి, ఆయన మాటలు వదిలేయండి."

"విడదీసుడు కుదరదు సర్. ఒక్క క్షణంల సగం చెరపమంటే ఎట్ల? విడదీస్తె అది మార్పు చేసినట్టయితది. మార్పు చేసే హక్కు మళ్ళ నిర్మాతలది."

"ఆ సీరియల్ చూసిన ప్రతివాడి తలలోనూ ఉంది కదా. పదిహేను రోజులు దాటాక ఊళ్ళోవాళ్ళందరి తలలూ చెరుపుతున్నారా?"

విజయసారథి నొచ్చుకున్నట్టు నవ్వాడు. "తలల ఉంటె జ్ఞాపకం సర్. పెట్టెల ఉంటె నకలు."

"ఆ పెట్టె తలలోనే ఉంది."

"ఉన్నది సర్. కని పెట్టెనే కద."

పేర్రాజు ఈ జన్మలో ఎందరో మొండివాళ్ళతో వాదించాడు. దెయ్యాలున్నాయన్న వాడితో, ఉంగరం పెట్టుకుంటే ఉద్యోగం వస్తుందన్న వాడితో కూడా. వాళ్ళందరికీ ఒక భ్రమ ఉండేది. ఈ మనిషికి భ్రమ లేదు. ఎదురుగా ఉన్నది ఏమిటో పూర్తిగా తెలుసు. తెలిసీ, కాగితం అలా ఉంది కనుక అదే సత్యమంటున్నాడు.

"అది వైద్య పరికరం అండి."

విజయసారథి ఫైలు తెరిచి, కాగితాన్ని చాలా మృదువుగా అతని వైపు తిప్పాడు. "గృహ రికార్డింగు పరికరమని మీరే దాఖలు చేసిన్రు. ఇగో, మీ సంతకం. మళ్ళ వైద్య పరికరమని మార్చుకుంటమంటె దరఖాస్తు పెట్టుకోండ్రి. వింటరు. సంవత్సరం పట్టొచ్చు."

"ఇంకో వారంలో ఆవిడ దగ్గర మొగుడి మాట ఒక్కటి మిగలదు."

"దానికి ఒక ఏర్పాటు చేసినం సర్." విజయసారథి ముఖం నిజంగానే వెలిగింది. "ఛానల్ వాళ్ళతోని నేనే స్వయంగ మాట్లాడిన. పాపం, వాళ్ళు కూడ మంచిగ స్పందించిన్రు. ఆ పది రోజుల ఎపిసోడ్లు అమ్మకు ఉచితంగ పంపిస్తరట. ఎన్నిసార్లన్న చూసుకోవచ్చు."

పేర్రాజు కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆ క్షణంలో అతనికి మొత్తం న్యాయం ఒక బొమ్మలాగా కనిపించింది. ఎవరూ దొంగిలించని సొత్తు ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని కాపాడడానికి పక్కింటిని తగలబెట్టారు. ఇప్పుడు ఇల్లు కాలినవాళ్ళకు ఆ సొత్తు ఫొటో బహుమతిగా ఇస్తామంటున్నారు.

"మా బావగారు టౌన్ ప్లానింగులో పనిచేశారండి," అన్నాడు లేస్తూ. "అక్రమ కట్టడమైనా సరే, కూల్చేముందు లోపల మనుషులున్నారా అని ఒకసారి కేకేసేవారు."

కాకినాడ చేరేసరికి ఏడున్నర దాటింది. అప్పటికే రెండు సాయంత్రాలు పోయాయి, మూడోదాన్ని ప్రయాణం మింగింది. పది ఏడయ్యాయి. మర్నాడు పొద్దున్నే అక్కను కూర్చోబెట్టి, ఏదీ దాచకుండా చెప్పాడు. తను పెట్టిన సంతకం గురించి కూడా చెప్పాడు.

హైమవతి చాలాసేపు కొంగు అంచు మడతలు పెట్టుకుంటూ విన్నది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"అయితే మాట్లాడేవారన్నమాట."

"రోజూ, అక్కా. నేను పక్కనే ఉండేవాణ్ణి. నువ్వు నవ్వలేక పొట్ట పట్టుకునేదానివి."

"నేను నవ్వేదాన్నా?"

"ఆ."

ఆమె ముఖంలో మొదట ఏదో వెలుగు వచ్చింది. తర్వాత అది ఎర్రబడింది. "ఎవడ్రా వాడు? నా మొగుడు నాతో అన్న మాట చెరపడానికి వాడెవడు? తాళి కట్టించింది వాళ్ళా?" తర్వాత కొంగు మడతలు వదిలేసింది. "చివరిరోజు నేను ఆయన్ని దెప్పానురా. తెలీక దెప్పాను."

ఏమని దెప్పావని పేర్రాజు అడగలేదు. ఆ సాయంత్రం వంతు ఇంకా రాలేదు.

దారి సలోమి చెప్పింది. పెట్టెలో ఉన్నదాన్ని బయటికి తీయడానికి వీల్లేదు. కానీ, టీవీ లేని గదిలో కూర్చుని హైమవతి ఆ సాయంత్రాన్ని నోటితో చెబితే, ఆ చెప్పడం కొత్త జ్ఞాపకమవుతుంది. అందులో ప్రసారం ఉండదు, కనుక చిప్ ముట్టుకోదు. "ఒక్కటే జాగ్రత్తండి అమ్మగారూ. సీరియల్ పాట మాత్రం కూనిరాగం కూడా తియ్యకండి. మాటలు మార్చినా సరే, ఎవరి గొంతయినా సరే, రాగం దొరికితే అది పట్టేస్తుంది."

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి పేర్రాజు నోటుపుస్తకంతో వచ్చేవాడు. ఆ సాయంత్రం ఏడున్నరకు ఏది పోతుందో దాన్నే హైమవతి కళ్ళు మూసుకుని చెప్పేది. గరుడపురాణం ప్రకారం పోయినవాడికి ఈ లోకంలో పదో పన్నెండో రోజులు గడువుంటుందంటారు, చట్టం పదిహేనిచ్చింది, ఉదారమే అనుకున్నాడు పేర్రాజు. బ్రాహ్మలు వచ్చి పదకొండో రోజు కార్యక్రమం చేస్తున్నప్పుడు అతను పెరట్లో కూర్చుని, ముందురోజు రాసుకున్నది సరిచూసుకున్నాడు. అక్కయినా బంధువులైనా ఏమీ అనలేదు. అతను చేస్తున్నదీ ఒక తంతే అని వాళ్ళకు తోచిందేమో.

"సీరియల్లో మేడ చూపిస్తున్నారు. ఆ మెట్లకి రెయిలింగు లేదు చూశావా, అన్నారు. అత్తగారు దిగినప్పుడల్లా నా గుండె ఆగిపోతోంది, ప్లాను తెమ్మను, నోటీసిస్తానన్నారు." హైమవతి ఆయన చెయ్యి ఊపినట్టే చెయ్యి ఊపింది. "చిన్నకోడలు ఏడుస్తుంటే, ఆ గోడకానుకోకమ్మా, అది అట్ట గోడ అన్నారు. నేను నవ్వాను. నీకు ఆవిడ ఏడుపు కనబడదు, గోడే కనబడుతుందన్నాను. గోడ నిలబడితేనే కదే ఏడవడానికి చోటుండేది అన్నారు."

"ఇంకా?"

"ఇంకా... వంటింటి గట్టు దగ్గర టైల్ లేచింది, రేపు మేస్త్రీని పిలుస్తాను, అందాకా చెప్పులేసుకో అన్నారు. ప్రకటనలొచ్చినప్పుడల్లా ఆ టైల్ మాటే." ఆగింది. "అదింకా అలాగే ఉందిరా."

పేర్రాజు అదీ రాసుకున్నాడు. మర్నాడు మేస్త్రీని తీసుకొచ్చాడు.

ఆరు సాయంత్రాలు అలా దక్కాయి. దక్కాయనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఏడున్నర దాటాక హైమవతికి ఆయన ముఖం, ఆయన గొంతు ఉండేవి కావు. మధ్యాహ్నం తాను తమ్ముడితో చెప్పిన మాటలుండేవి. భర్త మాటలు ఆమె గొంతులోనే ఆమెకు వినబడేవి.

చివరి రోజు ఆమె మూడింటికి మొదలుపెట్టలేదు. ఆరయ్యేదాకా ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. ఆరుంబావుకు వచ్చి కూర్చుంది.

"ఆ రోజు ఆయన బాగా హుషారుగా ఉన్నారు. అత్తగారు నిజంగానే మెట్ల మీంచి పడింది. చూశావా, చూశావా, నేను చెప్పలేదూ అని సోఫాలోంచి లేచిపోయారు. నాకెందుకో ఒళ్ళు మండింది. ఇంత నోరుందే, నాలుగేళ్ళు ఎక్కడ పెట్టారండీ అన్నాను." ఆమె కళ్ళు తెరవలేదు. "ఆయన నావంక చూశారు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు. నీ పక్కనే పెట్టానే, నువ్వే ఎక్కడో పారేసుకున్నావు, వెతుక్కో అన్నారు."

పేర్రాజు ఆ మాట కింద గీత గీశాడు.

"నేను నవ్వలేదు. ముఖం తిప్పుకున్నాను. అప్పుడు నన్ను నవ్వించాలని పాటెత్తుకున్నారు. సీరియల్ అయిపోయేటప్పుడు పాటొస్తుంది కదా, దానికి ఆయన సొంత మాటలు." ఆమె కళ్ళు తెరిచింది. "ఒరే, అది చెబితే చాలదురా. పాడాలి."

"సలోమి చెప్పింది కదా. పాడితే అదీ పదిహేను రోజులే."

"గవ్వల మేడకు గోడలే లేవంట, కట్టినవాడికి బుద్ధే లేదంట, ప్లానెవడు పాసు చేశాడంట... విన్నావా? తడిసిన అప్పడంలా లేదూ? మాటలుగా చెబితే అందులో ఆయన లేరు." గడియారం చూసింది. ఏడూ పది. "నేను పాడతాను. నువ్వు నేర్చుకో. పదిహేనో రోజు వచ్చి నాకు పాడి వినిపించు. మళ్ళీ పదిహేనో రోజు మళ్ళీ పాడు. నువ్వున్నన్నాళ్ళు ఉంటుంది."

"నేనా? అక్కా, బళ్ళో ప్రార్థన పాడేటప్పుడు నన్ను వెనక్కి పంపేవాళ్ళు."

"నోరుమూసుకుని పాడు."

హైమవతి పాడింది. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు సంగీతం నేర్చుకున్న గొంతు అది. అరవై ఆరేళ్ళ వయసులోనూ ఒక్క స్వరం పక్కకు జరగలేదు. ఆ చౌకబారు బాణీకి, ఆ వెక్కిరింత మాటలకు ఆమె గొంతులో ఎక్కడ లేని గౌరవం వచ్చింది. ఆమె ఆపాక పేర్రాజు పాడాడు. మూడుసార్లు పాడాడు. ప్రతిసారీ బాణీ ఒక కొత్త దిక్కుకు పోయింది. నాలుగోసారికి హైమవతి, పద్నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ నవ్వులోనే ఏడున్నర కొట్టింది. ఆమె నవ్వు ఆగిపోయింది. గోడ వంక, ఖాళీ సోఫా వంక చూసింది.

"పోయారు," అంది.

తర్వాతి పదిహేను రోజులు పేర్రాజు కాగితాల మధ్య గడిపాడు. మూడువందల పద్నాలుగు ఇళ్ళకూ సలోమి కబురు పంపింది: మాట్లాడుకునేటప్పుడు టీవీ ఆపండి. తునిలో టీ కొట్టాయన కొడుకు టీవీ అమ్మేశాడు. మందు తగ్గించమని పేర్రాజు స్వయంగా వెళ్ళి డాక్టరుతో వాదించి వచ్చాడు. కొన్ని ఇళ్ళవాళ్ళు నమ్మలేదు. రాత్రింబవళ్ళు మోగే టీవీని ఆపడమంటే, ఇంట్లో ఎవరో పోయినట్టుంటుందన్నారు. మండలికి పెట్టిన దరఖాస్తుకు రసీదు వచ్చింది. విచారణ తేదీ తర్వాత తెలియజేస్తారట. దానితోపాటు ఒక అట్టపెట్టె కూడా వచ్చింది, ఛానల్ వారి శుభాకాంక్షలతో, పది ఎపిసోడ్లు. హైమవతి దాన్ని విప్పకుండా అటక మీద పడేయించింది.

గడువు రోజు సాయంత్రం పేర్రాజు గొంతు సవరించుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఏడూ పాతిక దాటింది. ఏడున్నర దాటింది. హైమవతి కళ్ళు మూసుకుని వెతుక్కుంది.

"నేను పాడింది లేదురా," అంది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. "ఆగు. నువ్వు పాడింది ఉంది."

"నేను పాడిందా?"

"ఆ. నాలుగుసార్లూ ఉంది. నేను నవ్వింది కూడా ఉంది."

పేర్రాజు సలోమికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి అవతల పెద్దగా నవ్వింది. "పోల్చుకోలేదండి సార్! రాగం దొరక్కపోతే చిప్‌కి అది ఏ పాటా కాదండి. మీరు పాడింది... ఏమనుకోకండి సార్... అది ఏ పాటా కాదు."

చట్టం ముందు, యంత్రం ముందు, ఇన్ని దరఖాస్తుల ముందు నెగ్గింది తన తర్కం కాదు, తన అపస్వరం. హేతువాదికి ఇంతకన్నా అవమానం లేదు. అయినా ఆ సాయంత్రమే మండలికి ఇంకో ఉత్తరం రాశాడు. 'క్షణం ప్రసారాన్ని మోయదు, మనుషులను మోస్తుంది. దాని మీద ఒక మూల మీ సొత్తు పడినంత మాత్రాన క్షణం మీదైపోదు. మీ చిప్ తన పాటను గుర్తుపట్టగలిగినంత బాగా పాడినవాళ్ళను మాత్రమే శిక్షిస్తోంది. ఇది ఏ న్యాయమో విచారణలో తెలుపగలరు' అని ముగించి సంతకం పెట్టాడు. ఈసారి సంతకం పెట్టేముందు ప్రతి మాటా రెండుసార్లు చదివాడు.

ఉత్తరం మడిచి కవరులో పెడుతుంటే వంటింట్లోంచి అక్క గొంతు వినబడింది. గవ్వల మేడకు గోడలే లేవంట. మొదటి పాదం అచ్చంగా శ్రుతిలో పడింది. ఆగిపోయింది. "ఛీ, మళ్ళీ సరిగ్గా వచ్చేసింది," అని విసుక్కుంది. మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి 'గోడలే' దగ్గర గొంతును బలవంతంగా కిందికి నొక్కింది. అది ఇంకా పాటలాగే ఉంది. ఇంకోసారి. ఇంకోసారి.

ఎనిమిదేళ్ళు గురువు ముందు కూర్చుని శ్రుతి నేర్చుకున్న మనిషి, మొగుడి పాట నిలుపుకోవడానికి, కొత్తగా వేసిన టైల్ మీద నిలబడి, శ్రుతి తప్పడం సాధన చేస్తోంది.